శిలాశాసనం నుంచి సెల్‌ఫోను దాకా: పదిమంది మాట, ఊరి మేలు



ఈ ఏటి సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. చికాకోల్ సర్కారు గురించో, ఫౌజ్‌దారుల గురించో రాస్తామని వారు అనుకొని ఉండవచ్చు. అవీ కొంచెం వస్తాయి. అయితే ఈసారి మేము ఎన్నుకున్నది అంతకంటె దగ్గరి చరిత్ర. మనందరి జేబుల్లో ఉన్న సెల్‌ఫోను, అందులోని వాట్సాపు గ్రూపులు, సర్కారు కచేరీల్లోని కంప్యూటర్లు పదిమంది కష్టసుఖాలకు ఎట్లా పనికొచ్చాయి, ఎక్కడ పనికిరాకుండా పోయాయి, ఎక్కడ ఏకంగా ప్రాణాలే తీశాయి అనేది ఆ చరిత్ర.

ఇదంతా కుర్రాళ్ల సంగతి, మనకెందుకు అనుకునే పెద్దలు ఉంటారు. ఇంగ్లీషులో దీనికి సోషల్ కంప్యూటింగ్ అని పేరు పెట్టారు. పేరు కొత్తదే గాని పని పాతది. ఒక విషయాన్ని పదిమంది ముందు పెట్టడం, పదిమందీ తమకు తెలిసినది కలపడం, తప్పుంటే దిద్దడం, ఆ పిమ్మట అందరూ కలిసి పనిలోకి దిగడం, ఇంతే. ఈ పనికి మన పూర్వులు ఏ సాధనాలు వాడారో తెలిస్తే, ఇప్పటి సాధనాన్ని ఎట్లా వాడాలో కూడా తెలుస్తుందని మా నమ్మకం.

రాతి మీద లెక్క

మన శ్రీకూర్మం కూర్మనాథస్వామి ఆలయ స్తంభాలను చూడని వారు ఈ చుట్టుపక్కల ఉండరు. మతం ఏదైనా ఊరు అందరిదీ గదా. ఆ స్తంభాల నిండా తెలుగులోనూ, సంస్కృతంలోనూ శాసనాలు ఉన్నాయి. వాటిలో చాలా భాగం గాంగ రాజుల కాలం నాటివి. కళింగంలో అధికారం నెరపిన నరహరి తీర్థుల శాసనం 1281 నాటిది. ఎవరు ఏ దానం చేశారు, అఖండ దీపానికి ఏమి ఇచ్చారు, దానిని ఎవరు నడపాలి అన్న సంగతులు అక్కడ చెక్కి ఉన్నాయి.

దానం చేసినవాడు ఆ సంగతిని తాటాకు మీద రాసి పెట్టెలో దాచుకోవచ్చు. మరి రాతి మీద, అదీ పదిమందీ తిరిగే మండపంలో ఎందుకు చెక్కించాడు? రేపు ఎవడైనా ఆ సొత్తు మింగితే, చదువుకున్నవాడు ఎవడో ఒకడు వేలు పెట్టి చూపించి ఇదిగో ఇట్లా రాసి ఉంది అని అడగాలి. అందుకే. అంటే లెక్కకు కావలి కాసేది తాళం కాదు, పదిమంది చూపు.

తరువాతి కాలంలో గోలకొండ సుల్తానుల ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ శ్రీకాకుళానికి వచ్చారు. ఆ పట్టణంలోని జామియా మసీదు 1641లో ఆయన కట్టించినదే. చికాకోల్ ఒక సర్కారుకు ముఖ్య పట్టణమై దఫ్తరు పెరిగింది. దస్తావేజు, రసీదు, హాజరు, జమాబందీ, తాలూకా, జిల్లా వంటి మాటలన్నీ ఆ పాలన నుంచి తెలుగులోకి వచ్చి చేరినవే. మేము బడిలో ఉర్దూ చెబుతూ ఈ మాటలను చూపిస్తే పిల్లలు ముచ్చట పడతారు. అయితే ఒక తేడా గమనించాలి. రాతి మీది లెక్క మండపంలో ఉండేది, దఫ్తరు లెక్క కచేరీ లోపల ఉండేది. ఫార్సీ రాని రైతు దానిని చూడనూ లేడు, చూసినా చదవనూ లేడు. కుంఫిణీ దొరలు వచ్చాక భాష మారింది గాని కచేరీ తలుపు అట్లాగే మూసి ఉంది. లెక్క దాగినచోట బీదవాడికి నష్టం. ఈ మాట ముందు ముందు మళ్లీ వస్తుంది.

దండోరా, జెండా, రేడియో

ఊరికి వార్త చెప్పడానికి దండోరా ఉండేది. సముద్రం మీద బతికేవారికి ఓడరేవు జెండాలు, దీపాలు ఉండేవి. మన కళింగపట్నం రేవులో తుఫాను సమయంలో ఒకటో నంబరు, మూడో నంబరు అని ఎగరవేసే హెచ్చరికలు మత్స్యకారులందరికీ తెలుసు. ఆ పద్ధతిలో మొత్తం 11 సంకేతాలున్నాయి. పదోది మహా ప్రమాదం. పదకొండోదానికి అర్థం ఏమిటో చాలామందికి తెలియదు. హెచ్చరికలు పంపే ఆఫీసుతో సంబంధమే తెగిపోయింది అని దాని అర్థం. వార్త రాకపోవడం కూడా ఒక వార్తే, దానిని కూడా జనానికి చెప్పాలి అని ఆ ఏర్పాటు చేసినవారు ఆలోచించారు. ఎంత ముందుచూపో చూడండి.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పదివేల మంది ప్రాణాలు పోయాయని లెక్క, అంతకంటె చాలా ఎక్కువని చెప్పినవారూ ఉన్నారు. తీగలు తెగి, దారులు మూసుకుపోయి, బతికి ఉన్నవారి కబురు బయటికి చేరలేదు. ఇట్లాంటి వేళ సొంత రేడియో యంత్రాలతో ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఔత్సాహికులు, హ్యామ్‌లు అని పిలిచేవారు, కబుర్లు అందించడానికి ముందుకు వచ్చారు. 1983లో హైదరాబాదులో వారికొక జాతీయ సంస్థ కూడా ఏర్పడింది. అదే ఏడు ఇన్సాట్ 1బి ఉపగ్రహం ఎగిరింది. ఆ ఉపగ్రహాల ఆసరాతో కోస్తా ఊళ్లకు తుఫాను హెచ్చరికలు నేరుగా పంపే ఏర్పాటు జరిగింది.

ఇవన్నీ గొప్ప మేళ్లు. కాని దండోరా అయినా, జెండా అయినా, రేడియో అయినా పైనుంచి కిందికి చెప్పేవే. కిందివాడు తిరిగి అడిగే దారి వాటిలో లేదు. మా వీధిలోకి నీళ్లు వచ్చాయి, మా తాతను మోయడానికి మనుషులు కావాలి అని జెండాకు చెప్పుకోలేం గదా. హ్యామ్‌లు మాత్రమే ఇటు చెప్పి అటు వినగలిగారు. ఆ రెండు వైపుల మాట సామాన్యుడి చేతికి రావడమే ఈ కొత్త యుగం.

హాజరు పట్టీ ఊరి నడుమకు వచ్చింది

కచేరీ తలుపు తెరిచిన పని ఒకటి మన రాష్ట్రంలోనే జరిగింది. 1994లో రాజస్థాన్ పల్లెల్లో కూలీలు, వారి సంఘం వారు పనుల కాగితాలను అందరి ముందు బిగ్గరగా చదివించారు. జన సునవాయి అని దానికి పేరు. ఆ పోరాటం పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టంగా వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైంది. విజయనగరం జిల్లా తొలి విడతలోనే చేరింది, మన శ్రీకాకుళం 2007లో రెండో విడతలో చేరింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం లెక్కలన్నీ మొదటినుంచీ కంప్యూటరులో ఎక్కించారు. ఎవరు ఎన్ని రోజులు పని చేశారు, ఎంత కూలి పడింది అన్నది ఎవరైనా చూడవచ్చు. అయితే కూలివాడి ఇంట్లో కంప్యూటరు ఎక్కడిది? అందుకని సామాజిక తనిఖీ అనే పద్ధతి పెట్టారు. 2009లో దీనికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. కూలీల ఇళ్లలోని చదువుకున్న కుర్రాళ్లకు, ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చారు. వారు కంప్యూటరు కాగితాలు పట్టుకొని గడప గడపకూ వెళ్లి, అమ్మా నువ్వు ఇన్ని రోజులు పని చేసినట్టు ఉంది, నిజమేనా, డబ్బు అందిందా అని అడిగారు. పేర్లు, రోజులు, రూపాయలు ఊళ్లో గోడల మీద రాశారు. చివరికి మండల కేంద్రంలో ప్రజా వేదిక పెట్టి, అధికారుల ఎదుట ఆ తేడాలు చదివారు. చచ్చిపోయినవాళ్ల పేర హాజరు, ఊళ్లో లేనివాళ్ల పేర కూలి, కాలువ తవ్వకుండానే తవ్వినట్టు లెక్క, ఇట్లాంటివి బయటపడ్డాయి. కొంత సొమ్ము వెనక్కి వచ్చింది, కొందరి ఉద్యోగాలు పోయాయి. రావలసినదంతా రాలేదన్నదీ నిజమే.

ఆ పథకం రూపం తరువాత మారింది గాని అది నేర్పిన పాఠం మారదు. కంప్యూటరు ఒక్కటే ఉంటే లెక్క మళ్లీ దఫ్తరులోనే ఉండిపోయేది. గోడ ఒక్కటే ఉంటే ఏం రాయాలో తెలిసేది కాదు. యంత్రం లెక్క చెప్పింది, గోడ దానిని అందరికీ చూపింది, చదువుకున్న పిల్ల దానిని చదివి వినిపించింది, కూలివాడు నిజం చెప్పాడు. ఈ నలుగురిలో ఏ ఒక్కరు లేకపోయినా పని సాగదు. శ్రీకూర్మం స్తంభం చెప్పిన మాటనే ఏడు వందల ఏళ్ల తరువాత ఆ మట్టి గోడ చెప్పింది.

లోకంలోనూ ఇదే దారి

2008 జనవరిలో ఆఫ్రికాలోని కెన్యా దేశంలో ఎన్నికల తరువాత అల్లర్లు జరిగాయి. అప్పుడు కొందరు యువకులు కలిసి, ఎక్కడ ఏం జరుగుతోందో జనమే సెల్‌ఫోను సందేశంతో చెబితే దానిని పటం మీద గుర్తించే ఏర్పాటు చేశారు. దాని పేరు ఉషాహిది. స్వాహిలీ భాషలో సాక్ష్యం అని అర్థం. మన ఉర్దూ వాళ్లకు ఆ మాట వినగానే చెవి నిక్కబొడుచుకుంటుంది, ఎందుకంటే అది షహాదత్ అనే అరబ్బీ మాటకు చుట్టమే. 2010లో హైతీ భూకంపంలో శిథిలాల కింద ఉన్నవారి కబుర్లు చేరవేయడానికి అదే సాధనం ఉపయోగపడింది. అదే 2010లో ఛత్తీస్‌గఢ్ అడవుల్లో సీజీనెట్ స్వర అనే ఏర్పాటు వచ్చింది. చదువురాని గోండులు కూడా మామూలు ఫోను చేసి తమ గోడు సొంత భాషలో చెప్పుకోవచ్చు, ఇంకొకరు అదే ఫోనులో వినవచ్చు. అంతకు ముందే, 2008లో, జహీరాబాదు దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు నడిపే సంగం రేడియో మొదలైంది. చదువు తక్కువైనా, యంత్రం చిన్నదైనా మాట విలువ తగ్గదని ఇవన్నీ రుజువు చేశాయి.

మన తుఫానులు నేర్పినది

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ అంటే సులైమాన్ ప్రవక్తకు వార్త మోసిన పక్షి పేరు. ఆ పేరు పెట్టుకున్న తుఫానే వార్తలన్నిటినీ తెగగొట్టింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచి కరెంటు స్తంభాలను, సెల్ టవర్లను పడగొట్టింది. అందరి చేతుల్లోనూ ఫోను ఉంది, ఒక్కటీ పలకలేదు. మనవాళ్లు ఉన్నారా పోయారా అని గల్ఫులోనూ, హైదరాబాదులోనూ ఉన్న పిల్లలు అల్లాడిపోయారు. తరువాత ఫోన్లు పలికాక, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారు ఒక యాప్ ఇచ్చారు. పడిపోయిన ఇంటిని, చెట్టును జనమే ఫోటో తీసి పంపితే అది ఏ చోటులో ఉందో పటం మీద పడేది. నష్టం లెక్క కట్టడంలో జనం చేయి వేయడం మన ప్రాంతంలో అట్లా వచ్చింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చింది. ఈసారి తాకిడి మన జిల్లాకే, పలాస వైపు. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఒక కొబ్బరి చెట్టు తిరిగి కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మన రైతులకు చెప్పనక్కరలేదు. తుఫాను దారిని కంప్యూటర్లు ముందే చెప్పాయి. అధికారులు పెద్ద పెద్ద తెరల మీద చూస్తూ పని చేశారు. కాని కరెంటు పోయాక పల్లెలో ఉన్న ఫోను ఎంతసేపు బతుకుతుంది? ఒక రోజు, ఎక్కువలో ఎక్కువ రెండు రోజులు. అప్పుడు పనికొచ్చింది నడిచి వెళ్లిన మనిషి, ఫలానా ఇంట్లో మంచం దిగలేని ముసలమ్మ ఉంది అని గుర్తున్న మనిషి. కాబట్టి ఫోనులో ఉన్న జాబితా కాగితం మీద కూడా ఉండాలి. పదకొండో నంబరు జెండా అందుకే అన్నాం.

2020 మార్చి ఆఖరున లాక్‌డౌన్ పడినప్పుడు ఇంకో సంగతి చూశాం. మన శ్రీకాకుళం, విజయనగరం తీరం నుంచి చేపల వేటకు గుజరాత్ వెళ్లినవారు వేరావల్ రేవులో చిక్కుకుపోయారు. పడవలే వారికి ఇళ్లయ్యాయి. వారు ఎవరికీ అర్జీ రాయలేదు. పడవ మీద నిలబడి, సెల్‌ఫోనులో తమ అవస్థ తామే చెప్పుకొని పంపించారు. ఆ వీడియోలు ఇళ్లకు, పత్రికలకు, టీవీలకు, ప్రభుత్వానికి చేరాయి. ఏప్రిల్ ఆఖరుకు బస్సులు కదిలాయి. నాలుగు వేల మందికి పైగా మత్స్యకారులు మే తొలి రోజులకు ఆంధ్ర చేరారు. వెనకటి కాలంలో అయితే ఆ కబురు మన మత్స్యలేశం ఊళ్లకు చేరేసరికే ఎన్ని వారాలు గడిచేవో.

ఖబర్ వేరు, అఫ్వా వేరు

ఇక చేదు భాగం. ఉర్దూలో వార్తను ఖబర్ అంటాం, పుకారును అఫ్వా అంటాం. ఫోనుకు ఈ రెంటికీ తేడా తెలియదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాపులో వీడియోలు తిరిగాయి. ఆ ఏడు దేశంలో 20 మందికి పైగా అమాయకులను గుంపులు కొట్టి చంపాయి. బిచ్చగాళ్లు, దేశదిమ్మరులు, దారి అడిగినవాళ్లు, వీళ్లే చచ్చిపోయింది. చంపినవాళ్లు దొంగలు కారు, తమ పిల్లల మీద ప్రేమతో భయపడిన మామూలు జనం. అదే ఇంకా భయంకరం.

ఆ కష్టకాలంలో తెలంగాణలోని గద్వాల ప్రాంతంలో పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న రెమా రాజేశ్వరి గారు చేసిన పని చెప్పుకోదగ్గది. ఒక్కో కానిస్టేబులుకు కొన్ని పల్లెలు అప్పగించారు. వారు గ్రామస్థుల వాట్సాపు గ్రూపుల్లో చేరి, వచ్చిన వీడియో నిజమా కాదా చెప్పేవారు. ఫోను లేనివారి కోసం డప్పు కొట్టించి, పాట కట్టించి పాడించారు. సుమారు 400 పల్లెల్లో ఇట్లా తిరిగారు. అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఫోను తెచ్చిన జబ్బుకు ఫోనూ, డప్పూ కలిసి మందు వేశాయి.

అదే 2018 జూలైలో వాట్సాపు వారు మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేశారు. 2020 ఏప్రిల్‌లో, చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకేసారి ఒక్కచోటికే పంపగలిగేలా ఇంకా బిగించారు. ఆ ఏప్రిల్ నెల మనకు గుర్తుండాలి. ఢిల్లీ మర్కజ్ వ్యవహారం తరువాత, జబ్బును కావాలనే అంటిస్తున్నారని మన వాళ్ల మీద పాత వీడియోలకు కొత్త కథలు అంటించి తిప్పారు. దేశంలో పలుచోట్ల తోపుడు బండి మీద పండ్లమ్ముకునే బీదవాడిని పేరు అడిగి వెళ్లగొట్టారు. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీది కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారన్న మాట అన్నది. కాని తీర్పు వచ్చేసరికి పండ్లు కుళ్లిపోయాయి.

అయితే మేము ఒక మాట నిష్ఠూరంగా చెప్పక తప్పదు. మన మీద వచ్చిన అఫ్వాకు మనం ఏడ్చాం. మన గ్రూపుల్లోకి వచ్చే అఫ్వాను మాత్రం చూడకుండా ముందుకు తోస్తున్నాం. టీకా వేయించుకుంటే పిల్లలు పుట్టరని 2021లో తిరిగిన మాట ఎన్ని ఇళ్లలో ఎంతమంది పెద్దలను ఆపిందో మీకే తెలుసు. దుర్మార్గుడు తెచ్చిన వార్తను విచారించుకోకుండా నమ్మితే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాప పడతారని ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో హెచ్చరిక ఉంది. ఆ తహ్‌కీక్ మన బాధ్యత. ఎవరో పంపారు, నేను పంపాను అంటే సరిపోదు.

సంఘానికి మా మనవి

జిల్లాలో మనం పిడికెడు మందిమి, చెల్లాచెదురుగా ఉన్నాం. అందుకే ఈ సాధనం మనకు ఇతరులకంటె ఎక్కువ అవసరం. 2007లో బి.సి.-ఇ గ్రూపు చట్టం వచ్చాక మన పిల్లల చదువులకు ఒక తలుపు తెరుచుకుంది. 2011లో మీసేవ వచ్చాక సర్టిఫికెట్ల కోసం తిరుగుడు కొంత తగ్గింది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర అనే పేరుతో 161 సేవలను వాట్సాపులోనే మొదలుపెట్టింది. అయినా దరఖాస్తుకు ఆఖరి తేదీ దాటిపోయాక ఏడ్చుకుంటూ వచ్చే తల్లిదండ్రులను మేము ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాం. లోపం యంత్రంలో లేదు, కబురు అందకపోవడంలో ఉంది.

కనుక కొన్ని సూచనలు కార్యవర్గం ముందు ఉంచుతున్నాం. ఒకటి, సంఘం గ్రూపులో శుభాకాంక్షలు, బొమ్మలు తగ్గించి స్కాలర్‌షిప్పు తేదీలు, వైద్య శిబిరాలు, రక్తం అవసరాలు మాత్రమే వచ్చేటట్టు చూడాలి. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్న సామెత గ్రూపులకు బాగా వర్తిస్తుంది. రెండు, వచ్చిన వార్తను విచారించడానికి ముగ్గురిని నియమించాలి. అందులో ఒకరు తప్పక చదువుకున్న ఆడపిల్ల కావాలి, ఎందుకంటే ఇళ్లలోని సంగతులు ఆమెకే తెలుస్తాయి. మూడు, రక్తదాతల జాబితా, ఒంటరి వృద్ధుల జాబితా ఫోనులోనూ, పుస్తకంలోనూ రెండు చోట్లా ఉండాలి. ఆ పుస్తకం ప్రతి ఏడూ తుఫానుల నెలలకు ముందే సరిచూడాలి.

నాలుగోది అన్నిటికంటె ముఖ్యం. సంఘం జమాఖర్చు పదిమంది చూసేటట్టు గ్రూపులోనూ, నోటీసు బోర్డు మీదా పెట్టాలి. కాని సాయం పొందినవారి పేర్లు, ఫోటోలు ఎక్కడా పెట్టకూడదు. బియ్యం సంచీ పట్టుకున్న వితంతువు ఫోటో వంద ఫోన్లలో తిరిగితే, ఆ బియ్యం ఆమెకు అరుగుతుందా? ఇచ్చినవాడి లెక్క రాతి మీద ఉండవచ్చు, పుచ్చుకున్నవారి మానం మాత్రం మన గుండెల్లో దాగాలి. ఐదోది, ఫోను లేని ఇల్లు ఏదో తెలుసుకొని, ఆ ఇంటికి కబురు మోసే కుర్రాడిని ఒకణ్ణి పేరు పెట్టి అప్పగించాలి.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలంటారు. ఇప్పుడు నోటితో పాటు బొటనవేలు కూడా మంచిది కావాలి. పై సూచనల మీద వార్షిక సమావేశంలో చర్చ జరిపి, వీలైనవి ఈ ఏడే అమలు చేయవలసిందిగా కార్యవర్గం వారిని, చేయి కలపవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాం. అల్లాహ్ మన సంఘానికి, మన ఊరివారందరికీ మేలు చేయుగాక.